వియోగ ధ్రువపత్రం

మా వాడపేట మున్సిపాలిటీ వారు భార్యాభర్తలు ఇద్దరు కారు, ఒక్కరే అని తేల్చింది ఆషాఢ మాసంలో. తారీఖు చెప్పలేను. కొత్తగా పెళ్ళైన ఆడపిల్లలందరూ పుట్టిళ్ళలో ఉన్న రోజులు గనక మాసం మాత్రం బాగా గుర్తు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పైనుంచి ఒక పథకం వచ్చింది. దాని పేరు 'వివాహిత వయోజన హెపటైటిస్-బి నివారణ మహోద్యమం'. ఆ జబ్బు కాలేయాన్ని పట్టుకుంటుందనీ, ఏళ్ళ తరబడి పైకి కనిపించదనీ, భార్యాభర్తల్లో ఒకరికి ఉంటే రెండోవారికి రావచ్చనీ, మూడు మోతాదుల టీకా వేయించుకుంటే భయం ఉండదనీ కరపత్రంలో రాశారు. మంచి కరపత్రం. నేను రెండుసార్లు చదివాను. ఊళ్ళో పెళ్ళైనవారు ఎందరో లెక్క పంపితే అందరికీ టీకాలు పంపుతామన్నారు.

మా ఆఫీసులో పెళ్ళైనవారి లెక్క పెళ్ళిళ్ళ రిజిస్టరులో ఉంటుంది. అందులో ఒక్కో జంటకి ఒక్కో వరస. గుమాస్తా శేషుకుమారి గారు వరసలు లెక్కపెట్టి నాలుగు వేల రెండు వందలని పంపారు. నాలుగు వేల రెండు వందల మందికి సరిపడా టీకాలు దిగాయి. దిగాక చూస్తే మనుషులు ఎనిమిది వేల నాలుగు వందలు.

తప్పు జరిగిందని పైకి రాయవచ్చు. అలా రాస్తే తప్పు జరిగినట్టు అవుతుంది. అందుకని ఆరోగ్యాధికారి భావనారాయణ గారు రెండు రోజులు తలుపు వేసుకుని కూర్చుని, మూడో రోజున ఒక సర్క్యులరు బయటికి పంపారు. "దాంపత్యమనునది అవిభాజ్యమైన ఏక సంస్థ గావున, దంపతులను ఒక లబ్ధిదారుగా పరిగణించవలెను. పరీక్ష ఒకటి, కార్డు ఒకటి, కోర్సు ఒకటి" అని అందులో ఉంది. పరీక్ష భర్త రక్తానికి చేస్తారు. మూడు మోతాదుల్లో మొదటిది భర్తకు, రెండోది భార్యకు, మూడోది కుటుంబ యజమాని హోదాలో మళ్ళీ భర్తకు. వెరసి మూడూ పడ్డాయి గనక దంపతులకు రక్షణ పూర్తి.

నర్సు ఎస్తేరమ్మ ఒక్కతే అడిగిందట. "సార్, ఆయనకి రెండూ, ఆవిడకి ఒకటీ వేస్తే ఎవరికీ సరిగ్గా పనిచెయ్యదు కదండీ?"

"ఎస్తేరమ్మా, నువ్వు మనుషుల్ని చూస్తున్నావు. నేను సంస్థను చూస్తున్నాను" అన్నారట భావనారాయణ గారు.

ఊరు ఈ మాటని త్వరగానే అందిపుచ్చుకుంది. బస్సుల్లో మొగుడూ పెళ్ళాలు ఒకే టిక్కెట్టు తీసుకుని, సర్క్యులరు నకలు కండక్టరు ముఖాన పెట్టడం మొదలుపెట్టారు. మున్సిపల్ ఆఫీసు బంట్రోతు తనకి నడుం నొప్పిగా ఉందని భార్యని పంపాడు. ఆవిడ ఆయన బల్ల మీద కూర్చుని హాజరుపట్టీలో ఆయన పేరు సంతకం పెట్టి, చిక్కుడుకాయలు ఒలుచుకుని, సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోయింది. ఆఫీసు పని ఏమీ ఆగలేదు. దాంతో రెండో సర్క్యులరు వచ్చింది. మున్సిపాలిటీ ఇవ్వవలసిన చోట దంపతులు ఒక్కరనీ, పుచ్చుకోవలసిన చోట ఇద్దరనీ అందులో వివరణ ఇచ్చారు.

ఇదంతా నేను అరుగు మీద కూర్చుని వింటూ నవ్వుకున్నదాన్నే. మా ఇంటిదాకా వస్తుందనుకోలేదు.

మా ఆయన పేరు నోటితో చెప్పను గానీ రాయవచ్చనుకుంటాను. ఓలేటి పేర్రాజు. లాంచీ సరంగు. ముప్పై నాలుగేళ్ళు గోదావరి మీద లాంచీ నడిపారు. సోమవారం వెళితే గురువారం రావాలి. వరదల్లో అయితే ఎప్పుడొచ్చేదీ ఎవరికీ తెలియదు. నేను బడికి వెళ్ళలేదు. రేవులో నిలబడి నిలబడి లాంచీల వేళల బోర్డు మీద అక్షరాలు నేర్చుకున్నాను. మా అమ్మని ఆఖరిసారి చూసింది కూడా రేవులోనే. అత్తారింటికి వెళ్ళే లాంచీ మలుపు తిరిగేసరికి గట్టు మీద ఆవిడ చీర రంగు ఒక్కటే కనిపించింది, తరువాత అదీ లేదు. లాంచీలు ఆగిపోయి మా ఆయన ఇంటిపట్టున ఉండబట్టి పదేళ్ళయింది. ఇప్పటికీ ఆయన వీధి చివరికి వెళ్ళినా నేను గుమ్మంలో నిలబడతాను.

"రత్నం, సున్నం డబ్బా కోసం వెళ్తన్నానే. సముద్రం మీదకి కాదు" అంటారు.

"అలాగే వెళ్ళండి. నేను గాలికి నిలబడ్డాను" అంటాను.

ఆయన కంట్లో శుక్లం ముదిరిందని పట్నం తీసుకువెళ్ళాం. ఆపరేషనుకి ముందు రక్తం తీశారు. అందులో హెపటైటిస్-బి ఉందని బయటపడింది. అక్కడి డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపిక ఉన్న పిల్ల.

"ఇది చాన్నాళ్ళ కిందటే వచ్చుంటుంది తాతగారూ. ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పలేం. కాలేయం బాగానే ఉంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండండి."

"నా సంగతి సరేనమ్మా. మా ఇంటిదానికో?" అన్నారు ఆయన.

"ఆవిడకి పరీక్ష చేయించండి. లేదని తేలితే మూడు టీకాలు వేయించండి. మీ ఊళ్ళోనే ఉచితంగా వేస్తున్నారటగా. గడ్డం బ్లేడు, పళ్ళు తోముకునే బ్రష్షు మాత్రం ఎవరివి వారివే. కలిసి తినండి, కలిసి కూర్చోండి, దానివల్ల రాదు."

టీకా పూర్తయ్యేదాకా ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. అది వింటూ ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. నేను కొంగు అంచు చూసుకున్నాను.

తిరుగు బస్సులో ఆయన నాకు జానెడు దూరం జరిగి కూర్చున్నారు.

మర్నాడే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాం. శేషుకుమారి గారు పట్నం కాగితం చూసి, మా దంపతి కార్డు మీద ఎర్ర సిరాతో ఏదో రాశారు.

"సారీ అండి. పాజిటివ్ దంపతులకి టీకా లేదండి. ఉన్న జబ్బుకి టీకా ఎందుకండీ?"

"జబ్బు ఆయనకండి. నాకుందో లేదో తెలీదు."

"మీకూ ఉన్నట్టేనండి. ఒకే కార్డు కదా."

"నాకసలు పరీక్షే చెయ్యలేదు గదండీ!"

"చేశారండి. ఆయన చేతికి చేశారు."

నేను నా రెండు చేతులూ ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని మర్యాదగా పక్కకి జరిపి, కింద ఉన్న రిజిస్టరు తీసుకుంది. పాపం చెడ్డ మనిషి కాదు. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"మామ్మగారూ, ఒక దారుందండి. విధవరాళ్ళని విడిగా లెక్కేస్తారు. వాళ్ళకి పరీక్షా విడిగానే, టీకాలూ మూడుకి మూడూ. తాతగారి పేరు మీద మరణ ధ్రువపత్రం ఒకటి పుట్టిస్తే..."

"ఆ మనిషి పక్కనే ఉన్నాడు తల్లీ!"

"కాగితం మీదేనండి. ఇరవై ఒక్క రోజుల్లో వచ్చేస్తాది. మిగతా కాగితాలన్నిటికంటే అదే తొందరండి."

మా ఆయన ముందుకి వంగి, "పుచ్చుకో రత్నం, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

భావనారాయణ గారిని కలిశాను. ఆయన గోడకి 'ఒక దంపతి, ఒక రక్షణ' అని రాసిన అట్ట వేలాడుతోంది. నా మాట పూర్తిగా విన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు.

"చూడండమ్మా. దంపతిలో రోగమున్న భాగానికి టీకా అవసరం లేదు. రోగం లేని భాగం అనేది నిబంధనల ప్రకారం లేదు. కాగా, దంపతి నుండి చట్టబద్ధముగా విడివడిన వ్యక్తి ఏకాకి అగును. ఏకాకికి పరీక్షా, టీకా రెండూ అనుమతింపబడినవి. మీరు వియోగ ధ్రువపత్రం తీసుకురండి. కోర్సు పూర్తి అయ్యే వరకు విడిగా నివసించవలెను."

"బాబూ, మేం కలిసి ఉండడానికే గదండీ ఆ టీకా."

"అవునమ్మా. కలిసి ఉండడానికి అర్హత రావాలంటే ముందు విడిపోవాలి. ఇందులో మీకు అర్థం కానిది ఏముంది?"

నాకు అంతా అర్థమైంది. అందుకే భయమేసింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన చాప చుట్టి, చుట్టల కట్టా దుప్పటీ మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. రేవు పక్కన ఇసుకలో కూరుకుపోయిన పాత లాంచీ ఒకటి ఉంది, అందులో ఉంటానన్నారు. డాక్టరమ్మ కలిసి ఉండొచ్చు అంది కదా అన్నాను. ఎస్తేరమ్మ కూడా ఇంటికొచ్చి అదే చెప్పింది. "తాతయ్యా, మీరు పక్కన కూర్చుంటే అంటుకునేది కాదది, నా మాటినండి."

"నీకేం ఎస్తేరమ్మా, నువ్వు చదువుకున్నావు. ఇన్నేళ్ళూ దీనికి తెలీకుండా దీని పక్కన పెట్టుకు తిరిగాను ఆ జబ్బుని. మూడు టీకాలూ పడ్డాక వస్తాను. కాగితానికీ అదే కావాలంటున్నారు గదా, రెండు పనులూ అయిపోతాయి."

అలా వెళ్ళిపోయారు. నడవని లాంచీ ఎక్కి వెళ్ళిపోయిన మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే చూసి ఉంటాను.

వియోగం నిజమో కాదో చూడడానికి ఒక ఉద్యోగిని వేశారు. కనకాల తాతబ్బాయి గారు, వియోగ తనిఖీ అధికారి. అంతకు ముందు కుక్కల లైసెన్సులు చూసేవారు. నేను కారియరు పట్టుకుని రేవుకి వెళుతుంటే దారిలో ఆపారు.

"ఎవరికండీ భోజనం?"

"ఆయనకండి."

"వియోగంలో ఉన్నవాళ్ళు కారియరు పంపకూడదండి. నిబంధన తొమ్మిది. అన్నం పంపితే మమకారం ఉన్నట్టు లెక్క."

"మరి ఆయన ఏం తింటారండీ?"

"అది నా శాఖ కాదండి."

ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ తన భోజనం అని చెప్పి మా ఇంట్లో కారియరు కట్టించుకుని రేవు మీదుగా డ్యూటీకి వెళ్ళేది. తాతబ్బాయి గారు ఆమె బాగా తింటుందని పుస్తకంలో రాసుకున్నారు.

నెల తిరిగాక తాతబ్బాయి గారు పోట్లాట ఫారం పట్టుకుని వచ్చారు. దాంపత్యం చెడిందనడానికి కనీసం ఒక పోట్లాట, ఇద్దరు సాక్షుల సమక్షంలో జరగాలట. రేవులో వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరిని సాక్షులుగా పిలిచారు. మా ఆయన లాంచీ మెట్టు మీద కూర్చున్నారు. నేను ఇసుకలో నిలబడ్డాను. ఆయన్ని దగ్గరగా చూసి నెల దాటింది. గడ్డం పెరిగింది. చొక్కా గుండీ ఒకటి ఊడింది.

"పోట్లాట కారణం?" అన్నారు తాతబ్బాయి గారు కలం తీసి.

"ఇంకా అనుకోలేదండి" అన్నారు మా ఆయన.

"తొరగా అనుకోండి సార్. నాకింకా రెండు వియోగాలున్నాయి."

మా ఆయన నా వైపు తిరిగారు. "ఇదిగో, నీ చింతకాయ పచ్చట్లో ఉప్పెక్కువ."

"ఈసారి తగ్గిస్తానండి."

"అలా ఒప్పేసుకుంటే ఎలాగండీ! మీరు ఎదురు చెప్పాలి. ఫారంలో 'ఉభయులు' అనుంది" అన్నారు తాతబ్బాయి గారు.

ఆ ఊడిన గుండీ వైపు చూశాను. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఉప్పెక్కువా? నలభై ఆరేళ్ళ నించీ తింటన్నారు, ఇయ్యాల తెలిసిందా? గోదారి పొంగిన ఏడాది తొమ్మిది రోజులు ఇదే ఇసకలో కూర్చున్నాను. శవాలు కొట్టుకొస్తంటే ఒక్కోదాని మొహం చూశాను, మీరేమోనని. పదో రోజు దిగి ఏమన్నారు? అన్నం ఉందా అన్నారు! అంతేగా అడిగింది! ఇన్నాళ్ళకి ఇంటికొచ్చారనుకుంటే మళ్ళీ లాంచీ ఎక్కారు. నీళ్ళు కూడా లేవు దీని కింద!"

"నీకు రాకూడదనేగా రత్నం..."

"నాకేవొస్తాదో నేను చూసుకుంటాను! నన్నొదిలేసి కూర్చోడానికి మీరెవరు?"

"'మీరెవరు' అన్నారు. చాలా బలంగా ఉంది" అని తాతబ్బాయి గారు గబగబా రాసుకున్నారు.

మా ఆయన మెట్టు దిగబోయి ఆగిపోయారు. సాక్షుల్లో పెద్దవాడు వల కింద పెట్టి, "సంతకం పెడతానండి గానీ, ఇది పోట్లాట కాదండి" అన్నాడు.

"ఆ గడి ఫారంలో లేదు. ఇక్కడ పెట్టు" అన్నారు తాతబ్బాయి గారు.

వియోగ ధ్రువపత్రం వారంలో చేతికొచ్చింది. గుండ్రటి ముద్ర, భావనారాయణ గారి సంతకం. ఏకాకిగా నా రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు నేను చదవని కాగితం లేదు. పప్పు పొట్లం విప్పి చదివాను, మందుల డబ్బా మీద అక్షరాలు చదివాను. ఐదో రోజు పొద్దున్న ఎస్తేరమ్మ వీధిలోంచే అరిచింది, "లేదండీ మామ్మగారూ! మీకు లేదు!" అని. మొదటి టీకా అదే పూట తన చేత్తోనే వేసింది. నెలకి రెండోది. మొదటిది పడ్డ ఆరు నెలలకి మూడోది. ఆ తరువాత ఇంకో నెలకి నన్ను పట్నం తీసుకుపోయి, టీకా పట్టిందో లేదో అక్కడి డాక్టరమ్మ చేత పరీక్ష చేయించింది. బాగా పట్టిందని చెప్పారు.

అక్కడినుంచి తిన్నగా రేవుకే వెళ్ళాను. ఆయన మూట అప్పటికే కట్టి ఉంది. ఎన్నాళ్ళ కిందట కట్టారో అడగలేదు.

ఇద్దరం కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, వియోగం అయిపోయింది, రద్దు చెయ్యండి అన్నాం. భావనారాయణ గారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

"మీరు తిరిగి దంపతి అయిన మరుక్షణం మీ కార్డు పాజిటివ్ అగును. అప్పుడు మీకు వేసిన టీకాలు అనర్హులకు వేసినట్టు అగును. వాటిని తిరిగి వసూలు చేయవలసి వస్తుంది."

"ఎక్కడినించి వసూలు చేస్తారండీ?" అని నా జబ్బ చూపించాను.

"ఆ విషయమై పైకి రాయవలసి ఉంటుంది" అన్నారు ఆయన ఇబ్బందిగా.

రద్దు చేయించుకోకుండానే ఇంటికి వచ్చేశాం. మా ఆయన చాప పరిచి, కాళ్ళు చాపుకుని, "ఇంటి కప్పు ఎత్తుగా ఉంది రత్నం, బాగుంది" అన్నారు.

పదిహేను రోజులు నిశ్చింతగా గడిచాయి. పదహారో రోజు తాతబ్బాయి గారు నోటీసు తెచ్చారు. ఆ వేళకి మా ఆయన గడపలో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. "పరస్పర సంబంధము లేని స్త్రీ పురుషులు ఒకే గృహమున నివసించుట పట్టణ నైతికతకు భంగకరము. పదిహేను దినములలోగా వివాహమైనను చేసుకొనవలెను, లేదా విడిపోవలెను" అని ఉంది అందులో. చదివాను. మళ్ళీ చదివాను.

"ఇప్పటికే విడిపోయాం గదండీ. మళ్ళీ ఎలా విడిపోతాం?" అన్నాను.

"అయితే పెళ్ళి చేసుకోండి."

"పెళ్ళి చేసుకుంటే ఒక్కటైపోతాం. అప్పుడు టీకా పోతుంది."

"అదే మా ఆఫీసులో కూడా అనుకుంటన్నారండి" అని ఆయన అరుగు మీద కూలబడ్డారు. పాపం, కుక్కల లైసెన్సుల రోజుల్లో ఆయనకి ఇంత కష్టం ఉండేది కాదు.

నోటీసు వెనక సన్నటి అక్షరాలున్నాయి. అందరూ ముందు వైపు చదివి ఏడుస్తారు, నాకు మాత్రం వెనక వైపు కూడా చదివే అలవాటు. "వివాహ ప్రతిపాదన స్త్రీ పరిశీలనలో ఉన్నచో మూడు నెలల గడువు ఇవ్వవచ్చును. తగిన కారణము చూపిన యెడల గడువు పొడిగించవచ్చును." ఎన్నిసార్లు పొడిగించవచ్చో రాయలేదు. నేను ఆ వాక్యం మీద వేలు పెట్టి తాతబ్బాయి గారికి చూపించాను.

ఆయన దాన్ని పెదవులు కదుపుతూ చదివారు. ముఖం విప్పారింది.

"ఏవండీ పేర్రాజు గారూ, మీరు ఈవిణ్ణి పెళ్ళికి అడిగారా?"

"నలభై ఆరేళ్ళ కిందట మా నాన్న అడిగాడండి."

"అది చెల్లదు. ఇప్పుడు మీరు అడగాలి. నా ఎదురుగా."

మా ఆయన లేచి నూతి దగ్గర చేతులు కడుక్కున్నారు. పంచెకి తుడుచుకున్నారు. వచ్చి నా ముందు నిలబడ్డారు.

"రత్నం, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

అప్పట్లో పెద్దవాళ్ళు మా నాన్నని అడిగారు, మేనమామని అడిగారు, పంతులు గారిని అడిగారు. నన్నెవరూ అడగలేదు. డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాక ఒక మనిషి వచ్చి, రొయ్యల వాసన వేస్తున్న చేతులు వెనక్కి పెట్టుకుని, నా జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"ఆలోచించి చెప్తానండి" అన్నాను.

"అంత బాగోలేనా?" అన్నారు ఆయన.

"మాట్లాడకండి సార్, రాసుకుంటన్నాను" అన్నారు తాతబ్బాయి గారు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. మూడు నెలలకోసారి నేను నా చేత్తో అర్జీ రాస్తాను. మొదటిసారి వరుడి కుటుంబం గురించి వాకబు చేయాలని రాశాను. ఒకసారి మూఢమని రాశాను. ఒకసారి వరుడి వయసు ఎక్కువగా ఉందని సందేహిస్తున్నానని రాస్తే, ఆయన రెండు రోజులు జుట్టుకి రంగు వేసుకోవాలా అని అద్దం చూసుకున్నారు. ఆఫీసు వారు అన్నిటికీ గడువు పొడిగించారు. మాలాంటి జంటలు ఊళ్ళో మరో ముప్పై దాకా ఉన్నాయట. ముసలమ్మలందరూ ఆలోచిస్తున్నారు.

మొన్న తొమ్మిదో అర్జీ రాయడానికి కూర్చుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఈసారి ఏం రాస్తన్నావు?"

"వరుడు గురక పెడతాడని తెలిసింది, విచారణ చేస్తున్నాను అని రాస్తన్నానండి."

"నేను గురక పెడతానా? ఎవరు చెప్పారు నీకు?"

"రోజూ పక్కన పడుకునేవాళ్ళు" అన్నాను.